చివరి స్వరానికీ మొదటి చప్పట్లకీ మధ్య

అందరికీ నమస్కారమండీ. వెనక వరసల్లో ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా? చెయ్యెత్తారు, అంటే వినిపిస్తున్నట్టే, మంచిది.

ముందే ఒక మాట చెప్పేస్తాను, నేను పియానిస్టుని కాను. వినేవాణ్ణి. పాతికేళ్ళ పైనుంచి వింటున్నాను, అందులోనూ పందొమ్మిదో శతాబ్దపు సంగీతం, రొమాంటిక్ అంటారే, షోపాన్, షూమాన్, లిస్ట్, బ్రామ్స్, వాళ్ళ తర్వాత రష్యాలో రాక్మానినోవ్, అదంటే నాకు ప్రాణం. వాయించేవాళ్ళ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ వేళ్ళ గురించి, వాళ్ళ గురువుల గురించి, వాళ్ళ కోపతాపాల గురించి. హాల్లో ఇటువైపు చీకట్లో కూర్చునేవాళ్ళ గురించి మాత్రం తక్కువ మాట్లాడతారు. నేను ఇవాళ వాళ్ళ గురించి చెబుదామని వచ్చాను, అంటే మన గురించే.

ఒక వీడియోతో మొదలుపెడతాను, మీలో కొంతమంది చూసే ఉంటారు. 1986 ఏప్రిల్ 20, మాస్కో కన్సర్వేటరీలో గ్రేట్ హాల్. స్టేజీ మీద పియానిస్టు వ్లాదిమిర్ హొరోవిట్జ్. 1925లో సోవియట్ దేశం వదిలి వెళ్ళిపోయిన మనిషి, మళ్ళీ అరవై ఒక్క ఏళ్ళకి వచ్చాడు, వయసు 82. తన సొంత పియానోని న్యూయార్క్ నుంచి వెంట తెచ్చుకున్నాడు. ప్రోగ్రామ్ అంతా అయిపోయింది, జనం వదలట్లేదు, వన్స్‌మోర్ అంటున్నారు, ఆయన వచ్చి కూర్చుని షూమాన్ రాసిన ట్రోయ్‌మెరాయ్ మొదలుపెట్టాడు. ఆ మాటకి అర్థం కలగనడం అని, మెలకువగా ఉండి కనే కల అన్నమాట. 1838లో షూమాన్ చిన్నతనం మీద రాసిన పదమూడు చిన్న చిన్న ముక్కల్లో అది ఏడోది. మొత్తం 24 బార్లు, మన తాళంలో ఆవర్తాల్లాంటివి. మూడు నిమిషాలు పట్టదు. కొన్నేళ్ళు నేర్చుకున్న పిల్లలెవరైనా అందులో ఉన్న స్వరాలన్నీ తప్పు లేకుండా వాయించేస్తారు.

కెమెరా అప్పుడు హాలు వైపు తిరుగుతుంది. ఒకాయన కూర్చుని ఉంటాడు, కదలడు, మొహంలో ఏ కండరమూ కదలదు, చెంప మీద మాత్రం ఒక కన్నీటి చుక్క మెల్లగా కిందికి జారుతూ ఉంటుంది. అంతే, ఆ షాట్ అంతే. ఆయనెవరో మనకి తెలీదు. ఆ చుక్క మాత్రం ప్రపంచంలో పియానో వినేవాళ్ళందరికీ తెలుసు.

నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, చూసిన ప్రతిసారీ నాకు ఒకటే ప్రశ్న. హొరోవిట్జ్ అంటే వేళ్ళ వేగానికి, ఆ ఉరుముల్లాంటి ఆక్టేవులకి, అంటే ఒకే స్వరాన్ని కింది స్థాయిలోనూ పై స్థాయిలోనూ ఒకేసారి కొట్టడానికి, పేరు పడ్డవాడు కదండీ, ఆయన దగ్గర అన్ని అస్త్రాలు ఉండగా ఈ మనిషిని ఏడిపించింది మాత్రం ఏ అస్త్రమూ అక్కర్లేని ముక్క, ఒక పిల్లాడు వాయించగలిగే ముక్క. మరి ఆ చుక్క ఎక్కణ్ణుంచి వచ్చింది?

దానికి పియానో అనే వస్తువు ఎలా పనిచేస్తుందో కాస్త చూడాలి. వయొలిన్ వాయించేవాడు ఒక స్వరం మొదలుపెట్టి, కమానుతో దాన్ని పెంచొచ్చు, తగ్గించొచ్చు, వణికించొచ్చు. పాడేవాళ్ళకి ఊపిరి ఉంది. పియానోలో అలా కుదరదు. కీ నొక్కితే లోపల ఫెల్టు చుట్టిన సుత్తి లేచి తీగని కొట్టి వెంటనే వెనక్కి పడిపోతుంది, ఆ క్షణం నుంచీ ఆ స్వరం చచ్చిపోతూనే ఉంటుంది. తర్వాత మీరు కీ మీద వేలు ఎంత గట్టిగా అదిమినా, ఎంత ప్రేమగా నిమిరినా, తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నా, ఆ స్వరం పెరగదు. పెడల్ తొక్కితే ఇంకాస్త సేపు నిలుస్తుంది, పక్క తీగలు కూడా కలిసి మోగుతాయి, అంతే.

అంటే పియానో మీద పాట అనేదే లేదండీ, నిజానికి. ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోతున్న చుక్కలు ఉంటాయి. ఆ చుక్కల మధ్య గీత గీసేది ఎవరు? వినేవాడి చెవి. మొదటి స్వరం సన్నబడి ఎక్కడికి వచ్చిందో సరిగ్గా ఆ బరువుతో రెండో స్వరాన్ని కొట్టగలిగితే మన చెవి మోసపోయి, కాదు, మోసపోయి అనకూడదు, మన చెవి ముందుకొచ్చి ఆ రెంటినీ కలిపేస్తుంది. వర్చువోజో, అంటే మహా విద్వాంసుడు, అనగానే వేగం అనుకుంటాం, నా లెక్కలో అసలైన వర్చువోజో అంటే మన చెవి చేత ఈ పని చేయించుకోగలిగినవాడు.

ఈ సంగతి షూమాన్‌కి బాగా తెలుసు. ఆయన 1839లో హ్యూమొరెస్క్ అని ఒక పెద్ద ముక్క రాశాడు, ఓపస్ 20, అంటే ఆయన రచనల వరసలో 20వ నంబరు. మామూలుగా పియానో స్కోర్‌లో, అంటే స్వరాలు రాసిన కాగితంలో, రెండు వరసలు ఉంటాయి, పైది కుడి చేతికి, కిందిది ఎడమ చేతికి. హ్యూమొరెస్క్‌లో ఒకచోట ఆ రెంటి మధ్యా మూడో వరస ఉంటుంది, దానిలో ఒక రాగం రాసి ఉంటుంది, పక్కన 'లోపలి గొంతు' అని రాసి ఉంటుంది. అది వాయించడానికి కాదు! ఎవరూ వాయించరు. పియానిస్టు దాన్ని మనసులో పాడుకుంటూ చుట్టూ ఉన్నవి మాత్రం వాయించాలి. నేను మొదటిసారి ఆ పేజీ చూసినప్పుడు చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. వాయించని రాగాన్ని కాగితం మీద ఎందుకు రాశాడు ఈయన అని. తర్వాత ఒక మంచి పియానిస్టు దగ్గర విన్నాను, నాకు వినిపించింది, లేదు, వినిపించింది అని ప్రమాణం చేసి చెప్పలేను, కానీ అక్కడ ఏదో ఉంది, పక్క గదిలో ఎవరో పాడుతున్నట్టు.

నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఇదే. హాల్లో మనకి రోమాలు నిక్కబొడుచుకున్నా, గొంతు పూడుకుపోయినా, అది వాయించేవాడు మనకి చేసింది మాత్రమే కాదు, మనం కూడా చేసింది. సగం పని మనది. వాయించేవాడు చుక్కలు పెడతాడు, గీతలు మనం గీసుకుంటాం, అందుకే పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరికి ఒకే బొమ్మ రాదు.

చరిత్రలో ఈ సగం పని ఎన్ని వేషాలు వేసిందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఫ్రాంజ్ లిస్ట్‌తో మొదలవుతుంది. 1832లో పారిస్‌లో పగనీని వయొలిన్ విని ఆ కుర్రాడికి మతిపోయింది, పియానో మీద తనూ అంత చేయాలని కూర్చున్నాడు. అంటే గమనించండి, లిస్ట్ కూడా ముందు ఒక శ్రోతే. పది సంవత్సరాలు తిరిగేసరికి బెర్లిన్‌లో, 1841 డిసెంబరు చివర నుంచి 1842 మార్చి మొదటిదాకా, పది వారాల్లో 21 కచేరీలు చేశాడు, దాదాపు 80 రచనలు వాయించాడు, వాటిలో సగానికి పైగా స్కోర్ ముందు పెట్టుకోకుండా. అప్పట్లో చూడకుండా వాయించడం పెద్ద సాహసం కింద లెక్క. ఆయన పారేసిన చుట్ట ముక్కలు ఏరుకున్నారు, గ్లౌజుల కోసం కొట్టుకున్నారు, వాయించేటప్పుడు తెగిన తీగని గాజులా చేయించుకుని చేతికి వేసుకున్నారు. ఊరు వదిలి వెళ్ళే రోజున ఆరు తెల్లగుర్రాల బండిలో సాగనంపారు. అది రాజులకి చేసే మర్యాద.

దీనికి పేరు పెట్టింది కవి హైన్రిష్ హైనె, 1844లో, లిస్టోమేనియా అని. మేనియా అంటే ఇప్పుడు మనం తేలిగ్గా వాడేస్తాం, అప్పుడు అది జబ్బు పేరు. హైనె ఊరికే పేరు పెట్టి వదల్లేదు, కారణం ఏమై ఉంటుందని ఆలోచించాడు. ఆడవాళ్ళ జబ్బులు చూసే డాక్టరుని ఒకణ్ణి అడిగానని రాశాడు. అయస్కాంత శక్తా, విద్యుత్తా, లెక్కలేనన్ని కొవ్వొత్తులు వెలుగుతున్న ఉక్కపోత హాల్లో వందలమంది సెంట్లు పూసుకుని చెమటలు కక్కుతూ కూర్చుంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకునే ఏదో అంటువ్యాధా అని రాశాడు. చివరికి, విజయాన్ని ఏర్పాటు చేసుకోవడంలో ఈ మనిషిని మించినవాడు లేడని కూడా అన్నాడు.

హైనె మాటలో కొంత నిజం ఉంది. పియానోని పక్కకి తిప్పి పెట్టడం, పియానిస్టు మొహం పక్క నుంచి కనపడేలా, తెరిచిన మూత లోంచి శబ్దం సూటిగా జనం మీదికి వచ్చేలా, ఇది లిస్ట్ బాగా వాడుకున్నాడు, ఆయనకంటే ముందు డుసెక్ అనే పియానిస్టు మొదలుపెట్టాడంటారు. ఇంకెవరి సాయం లేకుండా ఒక్కడే సాయంత్రమంతా వాయించడం ఆయనే అలవాటు చేశాడు, 1840లో లండన్‌లో దానికి రిసైటల్ అని పేరు పెట్టారు, ఇవాళ్టికీ అదే పేరు. కానీ ఏర్పాటు ఒక్కదానితో అంత జరగదండీ. ఏర్పాటు చేసుకున్నవాళ్ళు ఆ కాలంలో ఇంకా డజన్లమంది ఉన్నారు, వాళ్ళ పేర్లు మనకి తెలీవు. నేను ఆ బెర్లిన్ ఆడవాళ్ళని తేలిక చేసి మాట్లాడేవాళ్ళని చూస్తే బాధపడతాను. ఆ హాళ్ళలో కూర్చున్నవాళ్ళు అంతకుముందు ఎప్పుడూ ఒక్క మనిషి చేతిలోంచి అంత శబ్దం రావడం వినలేదు. రికార్డులు లేవు. విన్నది ఆ రాత్రి విని ఇంటికెళితే మళ్ళీ దొరకదు. తెగిన తీగ ముక్క తీసి దాచుకోవడం అంటే నాకు పిచ్చిలా అనిపించదు, ఆ రాత్రిలో కొంచెం చేతిలో పట్టుకుని వెళ్దామనుకోవడం అది. లిస్ట్ 35 ఏళ్ళకే, 1847లో, డబ్బు కోసం కచేరీలు చేయడం మానేశాడు. పోయింది 1886లో.

అదే పారిస్‌లో, అదే ఏళ్ళలో, షోపాన్ ఉన్నాడు. ఈయన దారి పూర్తిగా వేరు. జనం ముందు చేసిన కచేరీలు జీవితం మొత్తం మీద ముప్పై దాకా ఉంటాయి, అంతే. గుంపుని చూస్తే తనకి ఊపిరాడదని లిస్ట్‌తోనే చెప్పుకున్నాడు. పదిమంది పాతికమంది కూర్చునే సెలూన్లలో వాయించేవాడు, అదీ ఎంత మెల్లగానంటే, బెర్లియోజ్ అనే ఫ్రెంచ్ స్వరకర్త రాశాడు, సుత్తులు తీగల్ని తగిలీ తగలనట్టు తాకేవట, లేచి వెళ్ళి పియానోకి చెవి ఆనించి వినాలనిపించేదట. లిస్ట్ దగ్గర జనం వెనక్కి తూలితే షోపాన్ దగ్గర ముందుకి వంగేవాళ్ళు. నాకు ఈ ముందుకి వంగడం అనేది చాలా ఇష్టం. ఇవాళ్టికీ రెండు వేల మంది హాల్లో కూడా గొప్ప పియానిస్టు బాగా మెల్లగా వాయించినప్పుడు చూడండి, వరసలు వరసలు ఒకేసారి ఇంచీ ముందుకి కదులుతాయి, ఎవరికీ తెలియకుండానే.

అన్నీ చప్పట్లే కాదు. 1859 జనవరిలో లైప్‌జిగ్‌లో బ్రామ్స్ తన మొదటి పియానో కచేర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన, తనే వాయించాడు, పాతికేళ్ళవాడు. అయిపోయాక మూడు జతల చేతులు మెల్లగా చప్పట్లు కొట్టబోయాయి, వెంటనే నలుమూలల నుంచీ స్పష్టంగా బుసలు మొదలయ్యాయి, వాళ్ళు ఆపేశారు. ఇది బ్రామ్స్ తనే స్నేహితుడు యోఆకిమ్‌కి ఉత్తరంలో రాసుకున్నాడు, నేనింకా వెతుక్కుంటున్నాను, అయినా అంత బుస అక్కర్లేదేమో అన్నట్టు. నన్ను అడిగితే ఆ మూడు జతల చేతులు ఎవరివో తెలుసుకోవాలని ఉంటుంది. ఇవాళ ప్రపంచమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టే కచేర్టో అది, ఆ రాత్రి దానికోసం ఆరు చేతులు లేచాయి.

లిస్ట్ రాసిన బి మైనర్ సొనాటా అనే పెద్ద పియానో రచన సంగతీ అంతే. 1854లో అచ్చయింది, షూమాన్‌కి అంకితమిచ్చాడు, ఆ ప్రతి ఇంటికి వచ్చేసరికి షూమాన్ ఆసుపత్రిలో ఉన్నాడు, బ్రామ్స్ దాన్ని షూమాన్ భార్య క్లారాకి వాయించి వినిపించాడు. క్లారా డైరీలో గుడ్డి చప్పుడు అని రాసుకుంది. యూరప్ మొత్తం మీద అంత గొప్ప పియానిస్టు, అంత చెవి ఉన్న మనిషి! అదే క్లారా పదిహేను పదహారేళ్ళ కిందట వియన్నాలో లిస్ట్ వాయిస్తుంటే విని కరిగిపోయింది. మనిషి మారింది, జీవితం మారింది, భర్త ఆసుపత్రిలో ఉన్నాడు, ఆ రోజు ఆ సంగీతానికి కావలసిన సగం ఆమె దగ్గర లేదు. నాకు ఆమెని తప్పుపట్టాలని లేదు.

దగ్గు గురించి ఒక్కటి చెప్పి ముందుకెళతాను. రాక్మానినోవ్ 1931లో కోరెల్లి థీమ్ మీద ఇరవై వేరియేషన్లు రాశాడు, అంటే కోరెల్లి వాడిన ఒక పాత రాగాన్ని ఇరవై రకాలుగా మార్చి రాయడం. వాటిని కచేరీల్లో వాయించేటప్పుడు ఏం చేసేవాడో మిత్రుడు మెట్నర్‌కి ఉత్తరం రాశాడు. జనం దగ్గడం ఎక్కువైతే తర్వాతి వేరియేషన్ వదిలేసేవాడట, దగ్గు లేకపోతే వరసగా వాయించేవాడట. ఏదో చిన్న ఊళ్ళో దగ్గు మరీ ఎక్కువై పదే వాయించాడట, న్యూయార్క్‌లో పద్దెనిమిది దాకా వచ్చాడట, అదే తన రికార్డు అని. అది చదివితే నాకు మనసు చివుక్కుమంటుంది. స్టేజీ మీద అంత ఎత్తు మనిషి, నవ్వని మొహం, చూస్తే దేన్నీ పట్టించుకోడనిపిస్తుంది, కానీ ప్రతి దగ్గూ లెక్కపెట్టుకుంటున్నాడు. మనం వాళ్ళని వింటున్నామనుకుంటాం, వాళ్ళు మనల్ని ఇంకా శ్రద్ధగా వింటుంటారు.

(మంచినీళ్ళు తాగారు.)

ఆ, హొరోవిట్జ్ దగ్గరికి మళ్ళీ వస్తాను. 1953లో కచేరీలు ఆపేశాడు, పన్నెండేళ్ళు స్టేజీ ఎక్కలేదు. 1965 మే 9న కార్నెగీ హాల్లో మళ్ళీ వాయించాడు. టికెట్ల కోసం జనం రాత్రంతా వీధిలో క్యూ కట్టారు. వచ్చి కూర్చుని మొదలుపెట్టిన ముక్క బాఖ్‌ది, బుసోనీ పియానోకి మార్చింది, మొదటి కొన్ని క్షణాల్లోనే తప్పు స్వరాలు పడ్డాయి. అప్పట్లో వచ్చిన రికార్డులో కొన్ని తప్పులు సరిచేశారు, 2003లో ఆ రాత్రిది ఉన్నదున్నట్టు మళ్ళీ విడుదల చేశారు. నేను రెండూ విన్నాను, నా ఓటు తప్పులున్నదానికే. ఎందుకంటే ఆ తప్పులతో ఆ రాత్రి హాల్లో ఉన్న భయం కూడా వినపడుతుంది, ఆయన భయం, జనం భయం, ఇద్దరూ పన్నెండేళ్ళు ఎదురుచూసినవాళ్ళే. ఆ రాత్రే షూమాన్ ఫాంటసీ కూడా వాయించాడు, దాని రెండో భాగం చివర్లో రెండు చేతులూ ఎదురెదురు దిక్కుల్లో దూకుతుంటాయి, ఎంత పెద్ద పియానిస్టుకైనా అక్కడ గుండె దడే. తెలిసిన శ్రోతలు అక్కడికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టేస్తారు, తాడు మీద నడిచేవాణ్ణి చూస్తున్నట్టు. పడిపోవాలని ఎవరూ కోరుకోరు, కానీ పడే అవకాశం లేకపోతే మన ఊపిరి బిగుసుకోదు కదా.

ఇప్పుడు కొంచెం ఇబ్బంది పెట్టే సంగతి. మనం నిజంగా చెవులతోనే వింటున్నామా?

2013లో చియా-జుంగ్ త్సాయ్ అనే పరిశోధకురాలు ఒక పని చేసింది, ఆమె కూడా పియానో వాయించే మనిషే. సంగీత పోటీల ఫైనల్స్‌లోని చిన్న చిన్న ముక్కలు తీసుకుని కొందరికి ధ్వని మాత్రం వినిపించింది, కొందరికి ధ్వని తీసేసి వీడియో మాత్రం చూపించింది, కొందరికి రెండూ కలిపి, ఎవరు గెలిచి ఉంటారో చెప్పమంది. శబ్దం లేని వీడియో చూసినవాళ్ళే అందరికంటే బాగా చెప్పారు. మామూలు జనమే కాదు, సంగీతం వృత్తిగా ఉన్నవాళ్ళు కూడా! అడిగితే మాత్రం అందరూ ధ్వనే ముఖ్యం అంటారు.

నేను దీన్ని చదివి కొన్నాళ్ళు కోపంగా ఉన్నాను. తర్వాత నాకు జరిగింది ఒకటి గుర్తొచ్చింది. ఒకసారి ఒక పెద్దావిడ రిసైటల్‌కి వెళ్ళాను, షోపాన్ నాక్టర్న్‌లు, రాత్రి పేరు పెట్టుకున్న మెల్లని ముక్కలు. నేను ఎప్పటిలా ఎడమవైపు సీటు తీసుకున్నాను, అక్కణ్ణుంచే కదా చేతులు కనపడేది. ఆవిడ కదలదు. మొహంలో ఏమీ లేదు. చేతులు కీబోర్డు మీంచి రెండంగుళాలు కూడా లేవవు, టైపు కొడుతున్నట్టుంది. నేను పొడిగా ఉందనుకున్నాను, పక్కనున్న స్నేహితుడితో ఇంటర్వెల్‌లో అన్నాను కూడా. తర్వాత కొన్ని నెలలకి అదే సాయంత్రం రికార్డింగ్ ఒకరి దగ్గర దొరికితే రాత్రి పడుకుని చీకట్లో విన్నాను. నాకు లేచి కూర్చోవాల్సి వచ్చింది. ఎడమ చెయ్యి ఒక నడకలో నడుస్తోంది, కుడి చెయ్యి దానికి వెంట్రుకవాసి వెనకగా వస్తోంది, ప్రతి స్వరం ముందుదాని మీదికి ఎలా ఒరుగుతోందో, అదంతా ఆ రాత్రి నాకు పది అడుగుల దూరంలో జరిగింది, నేను చేతులు ఎందుకు లేవట్లేదా అని చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ ఆవిడకి బాకీ ఉన్నట్టే అనిపిస్తుంది నాకు. సోవియట్ పియానిస్టు స్వియతస్లావ్ రిక్తర్ చివరి సంవత్సరాల్లో హాలంతా చీకటి చేయించి స్కోర్ మీద ఒక చిన్న దీపం మాత్రం పెట్టుకుని వాయించేవాడు, జనం తన చేతులూ మొహమూ చూడకుండా సంగీతం వినాలని. ఆ దీపం ఎందుకో నాకు ఆ రాత్రి అర్థమైంది.

కళ్ళు ఒక సంగతి, పేర్లు ఇంకో సంగతి. జాయ్స్ హాటో అని ఒక ఇంగ్లీషు పియానిస్టు, 2006లో పోయారు. చివరి ఏళ్ళలో ఆవిడ పేరుతో వందకి పైగా సీడీలు వచ్చాయి, క్యాన్సర్‌తో పోరాడుతూ, కచేరీలు మానేసి, ఇంట్లోంచి బయటికి రాకుండా అంత కష్టమైన సంగీతమంతా వాయించిందని కథ. విమర్శకులు కొందరు ఆకాశానికెత్తారు. 2007లో ఒకరు ఆవిడ పేరున్న లిస్ట్ ఎట్యూడ్స్ సీడీని కంప్యూటర్లో పెడితే సాఫ్ట్‌వేర్ వేరే పేరు చూపించింది, లాస్లో సిమోన్ అని. పోల్చి చూస్తే అవి ఆయన వాయించినవే. ఒకటొకటిగా తవ్వితే చాలావరకు ఎవరెవరివో. భర్తే వాటిని తన లేబుల్ మీద ఆవిడ పేరుతో అమ్మాడు, చివరికి ఒప్పుకున్నాడు. దీంట్లో నన్ను పట్టుకున్నది ఏంటంటే, ఒక రాక్మానినోవ్ రికార్డు అసలు పియానిస్టు పేరుతో వచ్చినప్పుడు అంతంతమాత్రంగా ఉందని రాసిన విమర్శకుడే, అదే రికార్డు ఆవిడ పేరుతో వస్తే గొప్పగా ఉందని రాశాడు. అవే స్వరాలు!

చాలామంది ఈ కథ చెప్పి, చూశారా, వినడమంతా ఉత్తిదే, అంతా పేరు మహిమ అంటారు. నేను ఒప్పుకోను. ఆ విమర్శకుడు రెండోసారి చలించింది అబద్ధం కాదు. జబ్బుతో ఉన్న ఒక ముసలావిడ ఇలా వాయిస్తోందని నమ్మి విన్నాడు, నమ్మి వినడంలో చెవి ఎక్కువ పనిచేసింది, మొదటిసారి వదిలేసిన గీతలు రెండోసారి గీశాడు. ఆ సంగీతంలో అవి లేకపోతే గీయలేడు. మోసం చేసింది భర్త, చెవి కాదు. నాకు దీన్నుంచి భయం కంటే ఆశే ఎక్కువ కలిగింది, మొదటిసారి పొడిగా విన్నది ఏదైనా రెండోసారి నమ్మకంతో వింటే అక్కడ ఇంకేదో ఉండొచ్చని.

వయసుకీ దీనికీ కూడా సంబంధం లేదు. 2022లో ఫోర్ట్ వర్త్‌లో వాన్ క్లైబర్న్ పోటీలో యున్‌చాన్ లిమ్ అనే కొరియా కుర్రాడు, పద్దెనిమిదేళ్ళు, రాక్మానినోవ్ మూడో కచేర్టో వాయించాడు. ఆ వీడియోని కోటి సార్లకి పైగా చూశారు, ఆన్‌లైన్‌లో నలభై నిమిషాల పైనుండే సంగీతం అంతమంది చూడటమే వింత. ఆ పోటీకి ఎవరి పేరుందో ఆ వాన్ క్లైబర్న్ కూడా 1958లో మాస్కోలో ఇదే కచేర్టో వాయించాడు, ఇరవై మూడేళ్ళ అమెరికన్, ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న రోజులు, ఆ హాలు ఎనిమిది నిమిషాలు నిలబడి చప్పట్లు కొట్టింది. బహుమతి అమెరికావాడికి ఇవ్వొచ్చా అని సోవియట్ నాయకుడు కృశ్చేవ్‌ని అడగాల్సి వచ్చింది, వాడే బెస్టా, అయితే ఇచ్చేయండి అన్నాడాయన. జడ్జీలకంటే ముందు తీర్పు చెప్పింది ఆ హాలు.

ఇక చప్పట్ల గురించి చెప్పి ముగిస్తాను. షోపాన్ నాలుగో బల్లాడ్ ఉంది, ఓపస్ 52. చివర్లో సంగీతం పెరిగి పెరిగి ఒకచోట మహా గట్టి కార్డులతో, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులతో, వచ్చి ఆగుతుంది, ఎవరైనా అయిపోయిందనుకుంటారు. అప్పుడు అయిదు కార్డులు, చాలా మెల్లగా, దూరంగా. ఆ తర్వాత అసలు తుఫాను మొదలవుతుంది. నేను ఒకసారి విన్నప్పుడు ఆ ఆగిన చోట నా ముందు వరసలో ఒకాయన చప్పట్లు కొట్టేశాడు. గట్టిగా, మనస్ఫూర్తిగా, నాలుగైదు దెబ్బలు. హాలంతా ష్ అంది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కిందికి జారిపోయాడు, మెడ వెనకంతా ఎర్రబడింది, నాకు కనపడుతూనే ఉంది. మిగతా ముక్క ఆయన వినలేదు, ఎలా వింటాడు? నాకు మొదట విసుగొచ్చింది, తర్వాత ఇంటికెళ్ళి ఆలోచిస్తే ఆయనే మా అందరికంటే బాగా విన్నాడేమో అనిపించింది. షోపాన్ అక్కడ ముగింపు లాంటిది కట్టాడు, కావాలనే కట్టాడు, ఆ ముందు వరసాయన దాన్ని నమ్మాడు. మేము ముందే తెలిసి కూర్చున్నాం కాబట్టి నమ్మలేదు. పైగా షోపాన్ కాలంలో జనం నచ్చినచోట చప్పట్లు కొట్టేవాళ్ళు, ముక్కల మధ్యలో, భాగాల మధ్యలో, ఒక భాగం మళ్ళీ వాయించమని కూడా అడిగేవాళ్ళు. ఈ మౌనంగా కూర్చోవడమనేది తర్వాత వచ్చిన పద్ధతి. ఇంటర్వెల్‌లో ఆయన గోడ పక్కన ఒక్కడే నిలబడి ఉన్నాడు, వెళ్ళి ఒక మాట మాట్లాడాల్సింది, మాట్లాడలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

సరే, మాటలు చాలు. ఇప్పుడు మాస్కో ట్రోయ్‌మెరాయ్ వింటాం. వీడియో కాదు, ధ్వని మాత్రమే. ఒక్కటి గమనించండి. మొదట్లో రాగం పైకెక్కి ఎఫ్ అనే స్వరం దగ్గర ఆగుతుంది. మళ్ళీ అదే ఎక్కుడు, ఈసారి ఇంకా పైకి, 'ఏ' అనే స్వరం దాకా. చివర్లో, 22వ బార్లో, మళ్ళీ అదే 'ఏ' స్వరానికి వస్తుంది, కానీ ఈసారి కిందున్న కార్డు మారిపోయి ఉంటుంది, దాని మీద ఆగమని షూమాన్ గుర్తు పెట్టాడు. ఎంతసేపు ఆగాలో రాయలేదు. స్వరం అక్కడ పలచబడిపోతూ ఉంటుంది, పియానో ఇక చేయగలిగింది ఏమీ లేదు. అక్కడ మీకేం వినిపిస్తుందో చూడండి.

అయిపోయాక చప్పట్లు కొట్టాలనిపిస్తే కొట్టండి, ఎప్పుడనిపిస్తే అప్పుడు. సౌండ్ దగ్గరున్న బాబూ, ఆ లైట్లు కాస్త తగ్గిస్తావా. ఇంకొంచెం. ఆ, చాలు. పెట్టు.